ఒకటి తర్వాత పది

మా చర్చి అయ్యగారు కాలు జారి పడి, పాడేరులో మంచం పట్టారు. అక్కడి నుంచే ఆదివారం ఆరాధన ఫోన్లో రికార్డు చేసి పంపేవారు. అలుపొచ్చినప్పుడల్లా ఆగేవారు కాబట్టి అది ఒకటి, రెండు అని అంకెలేసిన ముక్కలుగా వచ్చేది. ముక్కకోసారి నేను లేచి ఫోన్ నొక్కుతుంటే ఆరాధనలా ఉండేది కాదు. ఊళ్లో టీచర్ని కదా, ఆ బాధ్యత నా నెత్తిన పడింది.

వీడియోలు చూసి ఒక ఏర్పాటు చేశాను. కోడ్ రాయక్కర్లేదు. తెర మీద ఒక డబ్బా ఫోల్డర్లోకి వచ్చే ఫైళ్లను తీసుకుంటుంది, ఇంకోటి వాటిని కలిపి ఒకే ఫైలు చేస్తుంది, మూడోది నా ఫోన్‌కి పంపుతుంది. డబ్బాల మధ్య గీతలు గీస్తే చాలు. ఎలా పనిచేస్తుందో నాకు ముక్క అర్థం కాలేదు కానీ పనిచేసింది. శనివారం సిగ్నల్ దొరికే గట్టెక్కి దించుకునేదాన్ని. మొదట్లో అంతా వినేదాన్ని, తర్వాత బద్ధకించాను.

ఆ ఆదివారం అంగన్‌వాడీలో ఆయాగా చేసే అమ్మాయి పెళ్లికి మూడో ప్రకటన. మా సంఘంలో వరసగా మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లూ అందరి ముందూ చదివి, అభ్యంతరాలున్నాయా అని అడగాలి. ఒక్కటి తప్పినా పెళ్లి ఆగుతుంది. పెళ్లి బుధవారం. పెళ్లికొడుకు సైన్యంలో ఉన్నాడు, సెలవు ఆ వారంతో సరి.

ఫోన్ని స్పీకరుకి కలిపాను. ప్రారంభ ప్రార్థన అయింది. వెంటనే అయ్యగారు చివరి ఆశీర్వాదం ఇచ్చేశారు. నాకు బుర్ర తిరిగిపోయింది. ఆశీర్వాదం వినగానే సంఘ పెద్ద అలవాటుగా లేచి స్పీకరు కట్టేశాడు.

“ఏటి టీచరమ్మా, ఇంత బేగి అయిపోనాది?” అన్నాడు.

“ఏమో, నాకూ తెలీట్లేదు.”

“అయ్యగారికి ఒంట్లో బాగునేదేమో, పాపం.”

ఊడ్పుల కాలం. ఎవరూ రెండోసారి అడగలేదు. చెప్పులేసుకుని మళ్లలోకి దిగిపోయారు. నేను ఫోన్ని తిరగేసి మరగేసి చూస్తున్నాను. అందులో ఇంకా గంటసేపు మాటలున్నాయి! వెనకది ముందుకి ఎలా వచ్చింది? నా గీత ఎక్కడ తప్పింది? ఆ ఏర్పాటు ఫైళ్ల పేర్లను అంకెలుగా కాక అక్షరాలుగా చూస్తుందనీ, ఒకటితో మొదలయ్యే పదిని రెండుకన్నా ముందు పెడుతుందనీ చాలా రోజులకు తెలిసింది. అంతకు ముందెప్పుడూ ముక్కలు పది కాలేదు.

చాపలు మడుస్తున్న పెళ్లికూతురు మాత్రం వెళ్లలేదు. “నా ప్రకటన రానేదు కదండీ,” అంటూ మళ్లీ స్పీకరు పెట్టింది. పాటలు, వాక్యం, ప్రసంగం అన్నీ ఖాళీ చర్చిలో మేమిద్దరమే విన్నాం. చిట్టచివర ఆమె పేరు, అతని పేరు వచ్చాయి. “ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి,” అని అయ్యగారు ఎప్పటిలాగే కాసేపు ఆగారు.

ఆమె చాప పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాకెందుకో భయం వేసింది.

“నాకేటీ నేదు,” అంది స్పీకరు వైపు చూస్తూ.

గొడుగు మర్చిపోయి వెనక్కొచ్చిన సంఘ పెద్ద గుమ్మంలోనే ఆగిపోయాడు. సంగతి చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. “పెళ్లికూతురు ఒక్కర్తీ ఇంటే లెక్కలోకి రాదే, గుంటా. ఊరు ఇనాల.”

“రెండు వారాలూ ఊరందర్నీ అడిగినారు, పెదనాన్నా. నన్నెవులూ అడగనేదు. ఈయేల నన్నే అడిగినట్టుంది. సెప్పీసినాను.”

ఆయన గొడుగు తీసుకోకుండానే బయటికెళ్లి గంట కొట్టాడు. మళ్లలోంచి జనం ఒక్కొక్కరే బురద కాళ్లతో ఎక్కి వస్తుంటే, ఆమె మడిచిన చాపలు మళ్లీ పరిచింది.