ఇష్రత్ మేడం చేర్పించిన అమ్మాయి

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల బోరు మోటారు కాలిపోతే రైతులు తెచ్చి దింపేది ఖాసీం దుకాణం ముందే. రాగి తీగ చుట్టీ చుట్టీ ఆయన వేళ్ల కొసలు నున్నబడిపోయాయి. కూతురు ఇష్రత్ ఉస్మానియాలో ఎమ్మే ఎకనామిక్స్ చదువుతున్న రోజుల్లో దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ ఆ మాట చెప్పేవాడు. అదేం చదువని ఎవరైనా అడిగితే, "పైసల సంగతి. సర్కారు పైసలు ఏడికెల్లి వస్తయి, ఏడికి పోతయి, గది," అని తనకు తెలిసినంత చెప్పి మళ్లీ తీగ అందుకునేవాడు.

ఇష్రత్‌కు ఆ చదువంటే ప్రాణం. హాస్టల్ మెస్సులో అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా కూలి రేట్ల మీద వాదన పెట్టుకునేది. లెక్చరర్ల అర్హత పరీక్ష నెట్ మొదటిసారే పాసయింది గానీ పరిశోధనకిచ్చే ఫెలోషిప్ కొద్దిలో తప్పిపోయింది. "మళ్లీ రాయమ్మా, పీహెచ్‌డీ చెయ్యాల్సినదానివి నువ్వు," అన్నారు ప్రొఫెసర్ గారు. సరిగ్గా ఆ వేసవిలోనే ఖాసీం నడుము పట్టేసి మంచాన పడ్డాడు. నాయనమ్మ నన్నే బీకి కళ్లు ఆనవు, తమ్ముడు అల్తమష్ ఇంకా ఇంటర్. ఒక్క ఏడాది చూసుకుని వెళ్దామని ఇష్రత్ ఇంటికి వచ్చేసింది.

ఏడాది ఐదేళ్లయింది. ఆమెతో చదివిన వాళ్లలో ఒకతను పుణేలో బ్యాంకు ఆఫీసరయ్యాడు. ఇంకొకతను గణాంక శాఖలో చేరాడు. గది పంచుకున్న సుహానా గచ్చిబౌలిలో ఏదో కంపెనీలో అంకెలు చదివి పెట్టే ఉద్యోగం చేస్తోంది. ఫోన్లో వాళ్ల ఫొటోలు వచ్చినప్పుడల్లా ఇష్రత్ అందరికంటే ముందు ముబారక్ చెప్పేది. తనూ ఒక ఫొటో పెట్టింది, నల్లబల్ల ముందు నిలబడి. ఊళ్లోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆమె ఎకనామిక్స్ లెక్చరరు. జీతం గంటల లెక్కన. ఎండాకాలం సెలవుల్లో అదీ ఉండదు.

పాఠం మాత్రం గొప్పగా చెప్పేది. వినాయక నిమజ్జనం అయిన మర్నాడు క్లాసుకు వచ్చి, "బాలాపూర్ లడ్డు వేలంల అంత ధరకు ఎందుకు పోతది? తినేటందుకా?" అని అడిగేది. పిల్లలు నవ్వేవాళ్లు. ఒకడు పేరు కోసమనేవాడు, ఒకతి నమ్మకమనేది. అక్కడి నుంచి వేలం, విలువ, ధర ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. గంట కొట్టినా ఎవరూ లేచేవాళ్లు కాదు.

కాలేజీకి కావలసింది పాఠం ఒక్కటే కాదు. మే నెల వచ్చిందంటే లెక్చరర్లు ఊళ్లు పంచుకుని ఇల్లిల్లూ తిరిగి ఇంటర్ పాసైన పిల్లల్ని చేర్పించాలి. ఆ ఏడు ఇష్రత్‌కూ, తెలుగు చెప్పే అరుణజ్యోతికీ మంచాల మండలం వైపు పల్లెలు పడ్డాయి. "ఇష్రత్, బీఏ సెక్షన్‌కు పిల్లలు లేకపోతే నేనేం చెయ్యలేను. సెక్రటరీ సారు ముందే చెప్పిండు," అని ప్రిన్సిపాల్ నిర్మల మేడం హెచ్చరించి పంపింది.

అరుణజ్యోతి స్కూటీ మీద ఇద్దరూ తలకు చున్నీలు చుట్టుకుని తిరిగారు. ఎక్కడికి పోయినా కంప్యూటర్ మాటే. బీకాం కంప్యూటర్స్ ఉందా, డేటా ఏదో ఉందట, అది ఉందా. బీఏ అనగానే చాలామంది నీళ్లిచ్చి పంపేశారు. ఒక్క కొండల్ ఇంట్లో మాత్రం కూర్చోమన్నారు.

కొండల్‌ది పత్తి చేను. కూతురు నందినికి ఇంటర్‌లో అన్నింటికంటే ఎకనామిక్స్‌లోనే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఇష్రత్ మాట్లాడుతుంటే ఆ పిల్ల రెప్పవేయకుండా చూస్తూ, "మేడం, ధరలు పెరుగుతుంటె సర్కారు ఎక్వ నోట్లు అచ్చేస్తె ఐపోతది గదా అని మా సార్ను అడిగితె కోపం జేసిండు. ఎందుకు అచ్చెయ్యరు?" అని అడిగింది. ఇష్రత్ వచ్చిన పని మరిచిపోయి చాలాసేపు దాని గురించే చెప్పింది. తల్లి కాశమ్మ గుమ్మంలో నిలబడి కూతురి ముఖమే చూస్తోంది.

చివరకు కొండల్ అడిగాడు. "అంత మంచిగనే ఉంది మేడం. మరి గిది సదివితె కొలువేమొస్తది?"

ఇష్రత్ బ్యాంకులన్నది, గ్రూప్ పరీక్షలన్నది, సుహానా కంపెనీ పేరు చెప్పింది. కొండల్ అన్నీ విని, "గవన్నీ నాకెర్కలేదు. నువ్వు సదివినవ్, పంతులమ్మవైనవ్. మా పిల్ల నీ లెక్కయితె సాలు," అన్నాడు.

తన జీతం ఎంతో, ఎన్ని నెలలు వస్తుందో చెప్పాలనే మాట ఇష్రత్ నాలుక చివరి దాకా వచ్చింది. అరుణజ్యోతి పక్కనే ఉంది. నందిని అప్పటికే లోపలికి పోయి మార్కుల మెమో తెస్తోంది. ఇష్రత్ ఆ మెమో అందుకుంది. డిగ్రీ చేరికల ఆన్‌లైన్ ఆప్షన్లలో మొదటిదిగా తమ కాలేజీ బీఏ పెట్టించి వచ్చింది.

కాలేజీ తెరిచాక నందినితో కలిపి తొమ్మిదిమంది చేరారు. మొదటి రెండు వారాలూ చెప్పినంత హాయిగా ఇష్రత్ జీవితంలో ఎప్పుడూ పాఠం చెప్పింది లేదు. తొమ్మిదిమందీ ఒకే బెంచీ వరుసలో దగ్గరగా కూర్చునేవారు. నందిని మంచాల బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చి, ఆయాసం తీరకముందే ప్రశ్న అడిగేది.

మూడో వారం సోమవారం నిర్మల మేడం పిలిపించింది.

"బీఏ సెక్షన్ ఎత్తేస్తున్నరు. పిల్లల్ని బీకాం కంప్యూటర్స్‌ల కలుపుతరు."

"మేడం, వాళ్లలో అకౌంట్స్ చదివినోళ్లు ఒక్కరు లేరు. ఎట్ల పాసైతరు?"

"నాకు తెల్వదా? సెక్రటరీ సారును అడిగిన. తొమ్మిదిమందికి ముగ్గురు లెక్చరర్లు ఎందుకన్నరు." నిర్మల మేడం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "బీకాంల బిజినెస్ ఎకనామిక్స్ ఉంది గాని, అది కామర్స్ సారే చెప్తడు. నీకు గంటలు లెవ్వు ఇష్రత్. నన్నేమనకు."

తన సంగతి ఆలోచించే ముందు ఇష్రత్‌కు ఆ పిల్లల సంగతే తలకెక్కింది. మధ్యాహ్నం బస్సెక్కి ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి వెళ్లింది. అక్కడి అధ్యాపకురాలు మర్యాదగా కూర్చోబెట్టి, చేరికల ఆఖరి విడత ముగిసిపోయిందని, సీటున్నా తమ చేతిలో లేదని చెప్పింది. ఉస్మానియా ప్రొఫెసర్ గారికి ఫోన్ చేసింది. ఆయన రిటైరై ఏడాదయింది. "చాలాచోట్ల ఇదే కథ తల్లీ," అన్నారు. "నువ్వైనా పీహెచ్‌డీకి వచ్చి ఉండాల్సింది."

కొండల్‌కు తనే చెప్పాలనుకుంది. బుధవారం మంచాలకు వెళ్లేసరికి ఆయన చేనులో మందు కొడుతున్నాడు. పంపు దింపి గట్టు మీదకు వచ్చాడు. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది కూడా.

"కంప్యూటర్ అంటె మంచిదే అంటున్నరు గద మేడం అందరు?" అన్నాడు.

"మంచిదే అన్న. కానీ నందిని చదివింది వేరు. ఆమెకు కష్టమైతది."

"మరి నువ్వు జెప్పవా?"

"నేను లేను అన్న. నన్ను తీసేసిండ్రు."

కొండల్ ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు, ఇప్పుడే కొత్తగా చూస్తున్నట్టు. "నిన్ను గూడనా?" అన్నాడు మెల్లగా. మందు చేతులు తుడుచుకుని, "ఎండల వచ్చినవ్, ఇంటికి పోయి జర నీళ్లు తాగి పో," అన్నాడు. ఇష్రత్ తల వంచుకుని గట్టు వెంట నడిచింది.

ఇంట్లో ఖాసీం విని, "ఫికర్ చెయ్యకు బేటా, ఇంకో కాలేజీ దొరుకుతది," అన్నాడు. అడిగిన ప్రతిచోటా అదే జవాబు. ఒకచోట బీఏ లేదు, ఇంకోచోట ఉన్న లెక్చరరుకే గంటలు లేవు. పండక్కి వచ్చిన బంధువులు అడిగితే నాయనమ్మ నన్నే బీ ఇంకా "మా ఇష్రత్ కాలేజీల జెప్తది" అనే అంటోంది. ఆమె మాట దిద్దే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

దసరా దాటాక బడంగ్‌పేట్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పని దొరికింది. ఎకనామిక్స్ చెప్పడానికని వెళ్లింది. వాళ్లు గొంతు బాగుందని ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. డిగ్రీ పాసైన పిల్లలకు ఫోన్ చేసి గ్రూప్స్ కోచింగ్‌లో చేరమని చెప్పాలి. అవతలివాళ్లు, "అక్కా, చేరితె జాబ్ వస్తదా?" అని అడుగుతారు. ఏం చెప్పాలో యజమాని రాసిచ్చాడు. అది చదివేటప్పుడు ఆమె గొంతు తనకే పరాయిగా వినిపించేది.

సంక్రాంతి సెలవుల తర్వాత ఒక సాయంత్రం ఇబ్రహీంపట్నం బస్టాండులో దిగేసరికి నందిని కనిపించింది, మంచాల బస్సు కోసం నిలబడి ఉంది. చిక్కిపోయింది. మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయట. "నాయినకు జెప్పలే మేడం," అంది. "సర్లే గని, జర గిది సూస్తరా?" అని సంచిలోంచి అకౌంట్స్ పుస్తకం తీసింది. తరుగుదల లెక్క. ఎడమ పక్క ఏది రాయాలో, కుడి పక్క ఏది రాయాలో తెలియక సగంలో ఆపేసి ఉంది.

ఇద్దరూ సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. ఇష్రత్ ఆ పేజీ రెండుసార్లు చదివింది. పైనుంచి మళ్లీ మొదలుపెట్టింది. యంత్రం ఎందుకు పాతబడుతుందో, దాని విలువ ఎలా తగ్గుతుందో ఆమె ఎంతసేపైనా చెప్పగలదు. ఆ గడుల్లో ఎక్కడ ఏ అంకె వెయ్యాలో మాత్రం తెలియలేదు. ఆమె ఎప్పుడూ నేర్చుకోని పని అది.

నందిని పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది.

"నాకు గూడ రాదు నందిని," అంది ఇష్రత్.

మంచాల బస్సు వచ్చింది. జనం ఒక్కసారిగా తోసుకున్నారు. నందిని పుస్తకం మూసి, "ఏం గాదు మేడం, పోతున్న," అని పరుగెత్తి ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టింది. లోపల సీటు దొరికిందో లేదో ఇష్రత్‌కు కనిపించలేదు.