పండుగప్ప తలకాయ

మా చిన్నప్పుడు... చల్లపల్లిలో మా ఇంటికి పండుగప్ప చేప వచ్చిందంటే దాని తలకాయ నాదే. ఇంటికి చిన్నదాన్నని నాయనమ్మ ఇచ్చిన హక్కది. బుగ్గల దగ్గర మెత్తటి కండ, కళ్ల చుట్టూ ఉండే జిగురు... చేతికంటిన పులుసు కూడా వదిలేదాన్ని కాదు.

అక్క పెళ్లయ్యాక బావగారు మొదటిసారి మా ఇంటికి వచ్చారు. నాన్న పొద్దున్నే గాలం పుచ్చుకుని, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి వెళ్లారు. ఎప్పుడూ చిన్న చిన్న జెల్ల చేపలతో తిరిగొచ్చే మనిషి, ఆ రోజు నా నడుం దాకా వచ్చే పండుగప్పతో దిగారు! అది గాలాన్ని ఎలా గుంజిందో గుమ్మంలోనే నిలబడి వీధంతా వినేలా చెబుతున్నారు...

"చెప్పింది చాల్లెండి, ముందు పొలుసు తీయండి" అంది అమ్మ.

దాక మూత తీయగానే ఇల్లంతా పులుసు వాసన. నేను కంచం ముందేసుకుని కూర్చున్నాను. అమ్మ తలకాయ తీసి నేరుగా బావగారికి వడ్డించింది!

"అల్లుడుగారికి పెట్టాలి కదే" అంది నాయనమ్మ, నా వైపు చూడకుండా. నేను కంచం వెనక్కి నెట్టేశాను.

బావగారు తలకాయని చూశారు... నన్ను చూశారు.

"మాది మైలవరం కదండీ, సముద్రానికి దూరం. ఇవి తినడం మాకు అలవాటు లేదు. ముళ్లంటే భయం కూడాను. మా మరదలు తిని చూపిస్తే నేర్చుకుంటాను" అని, చెయ్యి పెట్టకముందే దాన్ని నా కంచంలోకి మార్పించారు.

ఎంత శ్రద్ధగా చూపించానో! ముల్లెక్కడ, కండెక్కడ అని పాఠం చెబుతూ మొత్తం తినేశాను. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా అదే మాట... "ఇంకా రాలేదు సుధా, మళ్లీ చూపించు." ఇంత చదువుకున్న మనిషికి చేప తినడం రాదేమిటా అని జాలిపడేదాన్ని.

మొన్న అక్కా బావగారూ విజయవాడలో మా ఇంటికొచ్చారు. ఇప్పుడు ఫోన్లో నొక్కితే పండుగప్ప ముక్కలై డబ్బాలో వస్తోంది, తల ఉండటం లేదు. అందుకే మార్కెట్‌కి వెళ్లి తలతో సహా తెచ్చాను. వడ్డించబోతుంటే బావగారు "అదెలా తినాలో..." అని మొదలెట్టారు.

అక్క పకపకా నవ్వింది. "ఇంకెన్నాళ్లండీ ఈ నాటకం! మా ఇంట్లో తలకాయ ఎవర్నీ ముట్టుకోనివ్వరే ఈయన. బందరులో మేనమామగారింట్లో చిన్నప్పుడే రుచి మరిగారట!"

నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి. తలకాయ ఆయన కంచంలోనే వేసి ఎదురుగా కూర్చున్నాను.

"ఈసారి మీరు చూపించండి బావగారూ... నేను నేర్చుకుంటాను."

డబ్బాలో వచ్చే ముక్కలకి ఇలాంటి గొడవే లేదు... ఎవరి కంచంలో ఏది వేసినా ఒకటే. మీ ఇంట్లో తలకాయ ఎవరిది? ఎవరు ఎవరికి వదులుకునేవారు?