పిన్ని తాళం వేసిన డిస్కులు

“పిన్నీ, పొరపాటున మంచి డిస్కు లాగేస్తే ఏమవుతుందండీ?”

పొద్దున్నుంచి ఇది ఐదోసారి అడగడం. అడిగింది ఆ సర్వర్ల గదిలో కొత్తగా చేరిన ఇంజనీరు. చదివింది భౌతికశాస్త్రం, ఇంట్లో ఎనిమిది నెలల పాప, ఒంట్లో కొండంత భయం. పాప తుమ్మితే చాలు, థర్మామీటరు తీసే రకం.

“ఏముంది, ఆసుపత్రి వాళ్ళ స్కానింగులన్నీ గాల్లో కలిసిపోతాయి. మనిద్దరం వీధి చివర బండి పెట్టుకుని ఛార్జర్లు అమ్ముకుందాం,” అంది పిన్ని, స్క్రూడ్రైవరుతో వీపు గోక్కుంటూ.

ఆవిడ అక్కడ ఎవరికీ పిన్ని కాదు. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాడైన మేనేజరు కూడా పిన్నీ అనే పిలుస్తాడు. ఇరవై ఏళ్ళ కిందట ఆ గది తుడవడానికి వచ్చింది. ఒకరోజు చీపురు పక్కన పెట్టి, “ఆ మూల పెట్టెలో ఏదో పళ్ళు కొరుకుతోంది, చూసుకోండి,” అంది. ఇంజనీర్లు తెర చూసి అంతా బాగానే ఉందన్నారు. మర్నాటికి ఆ డిస్కు కన్నుమూసింది. ఇలా మూడుసార్లు ఆవిడ చెప్పిందే జరిగేసరికి చీపురు లాక్కుని స్క్రూడ్రైవరు చేతికిచ్చారు. అప్పటి ఇంజనీర్లలో ఇప్పుడు ఒక్కడూ లేడు. పిన్ని ఉంది.

ఆ రోజు పని చూడ్డానికి చిన్నదే. కలిసి పనిచేసే ఎనిమిది సర్వర్లలో మూడోదాంట్లో ఒక ప్రసూతి ఆసుపత్రి స్కానింగులు ఉన్నాయి. అందులో పన్నెండు డిస్కులు, రెండేసి చొప్పున జంటలు. జంటలో ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉంటుంది. ఒక జంటలో ఒకటి చావుబతుకుల్లో పడింది. దాన్ని తీసి కొత్తది పెడితే, బాగున్న జోడీ తన దగ్గరున్నదంతా కొత్తదానికి ఎక్కిస్తుంది. పొరపాటున ఆ జోడీనే లాగితే మిగిలేది రోగిష్ఠిది ఒక్కటే. సర్వరు ఆపుదామంటే వీల్లేదు, అవతల డాక్టర్లు స్కానింగులు తెరిచి చూస్తున్నారు.

“డిస్కు తీస్తున్నారా, నిధి తవ్వుతున్నారా?” అని గుమ్మంలోంచి మేనేజరు కేకేశాడు.

ఇంజనీరుకి కంగారు ముంచుకొచ్చింది. పాడైన డిస్కు నంబరు తెర మీద ‘ఐదు’ అని ఉంది. సర్వరు ముందుకు పరిగెత్తి, ఐదో నంబరు చీటీ ఉన్న డిస్కు అర గడియ నొక్కి లాగాడు. రాలేదు. పళ్ళు బిగబట్టి మళ్ళీ లాగాడు. కదిలితే ఒట్టు.

వెనక పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. “రాదు నాయనా, అన్ని అరలకీ తాళం వేశాను.”

“ఎందుకండీ?”

“నువ్వు దాన్నే లాగుతావని.”

కంప్యూటరు సున్నా నుంచి లెక్కపెడుతుంది. చీటీలు అంటించిన మనుషులు ఒకటి నుంచి మొదలుపెట్టారు. తెర మీది ఐదు అంటే చీటీ మీది ఆరు. చీటీల లెక్కన ఐదూ ఆరూ ఒక జంట, అతను పట్టుకున్నది బాగున్న జోడీని. ఆ సంగతి తలకెక్కేసరికి అతను నేలమీదే కూలబడ్డాడు.

“ముందే చెప్పొచ్చుగా పిన్నీ!”

“చెబితే తలూపుతావు. గుండె జారితే గుర్తుంటుంది. నేను ఆ తప్పే చేసిన రోజున తాళం వేసే పిన్ని లేదు. లాగిందే కాక, దొంగలా మళ్ళీ లోపలికి తోసేశాను. మూడు రోజులు గొంతులో ముద్ద దిగలేదు. లే, లేచి అర అంచు మీది నంబరు చదువు.”

ప్రతి డిస్కుకీ తయారైన చోటే ఒక నంబరు వేస్తారు. దాని చివరి నాలుగంకెలు అర అంచు మీద పిన్ని రాసి పెట్టింది. అతను ఆరో అర ముందు వంగి, ఫ్యాన్ల హోరులో గొంతు చించుకున్నాడు. “ఏడు, మూడు, సున్నా, తొమ్మిది!”

పిన్ని తెర చూసి అరిచింది. “ఏడు, మూడు, సున్నా, ఆరు! సరిపోయింది, లాగెయ్!”

అతను కదల్లేదు. “సరిపోలేదు పిన్నీ! ఇక్కడ తొమ్మిది!”

“తొమ్మిదే. నీ చెవులు పనిచేస్తున్నాయో లేదో చూశాను.” వచ్చి ఆరో అర తాళం తీసింది. “వేలెడంత లాగి ఆగు. లోపల ఇంకా గిర్రున తిరుగుతుంటుంది. పాప తల కిందనుంచి చెయ్యి ఎలా తీస్తావు?”

“ఊపిరి బిగబట్టి.”

“ఇదీ అంతే.”

అర నిమిషం ఆగి, డిస్కు మొత్తం బయటికి తీశాడు. కొత్తది పెట్టాడు. ఆసుపత్రి నుంచి ఒక్క ఫోనూ రాలేదు. సాయంత్రానికి జంట కుదిరిందని తెర చెప్పింది.

ఇంటికి బయల్దేరుతూ పిన్ని చెప్పింది: “భయపడొద్దని నేను అనను. భయాన్ని చేతికి మాత్రం ఇవ్వకు, నోటికివ్వు. ఏం చేయబోతున్నావో గట్టిగా చదువు. ఇంకొకరు విని సరే అన్నాకే చెయ్యి కదలాలి.”

ఇప్పుడు పాపకి మందు వేసేముందు అతను సీసా మీది పేరు, తేదీ, ఎన్ని చుక్కలో ఇల్లు అదిరేలా చదువుతాడు. వంటింట్లోంచి భార్య, “నాలుగే, వెయ్యండి మహానుభావా!” అనేదాకా చుక్క పడదు.