బతుకమ్మల బాంజో

ఆరేండ్ల కింద, సద్దుల బతుకమ్మ నాడు, పొద్దుమీకి సరిగ్గ ఏడు గంటల పది నిమిషాలకు, హన్మకొండ సుబేదారిల మా వాడ నడిమిట్ల, నా దుకాణాన్ని నేనే నాలుగు మైకు బూరలు కట్టి, అందరికి వినవడేటట్టు ముంచుకున్న. టైమ్ ఇంత పక్కాగ ఎట్ల యాదికున్నదంటరా? ఆ ఘడియ మంచిదేనా అని గడియారం దిక్కు చూసి మరీ చేసిన. నా పెండ్లి ముహూర్తం గూడ అంత శ్రద్ధగ చూసుకోలే.

నా పేరు కొమురయ్య. మైక్ సెట్టు దుకాణం. పెండ్లయినా, పుట్టువెంట్రుకలైనా, చావైనా, ఈ చుట్టుపక్కల నా బూరలు కూయకుంటే పని మొదలయ్యేది కాదు. తెలుగక్షరాలు నలభై దాటినంక రాత్రి బడిల దిద్దిన. ఇంగ్లీషు మాత్రం ఆంప్లిఫయర్ మీది గుండీలే నేర్పినయి. అందరు ఏ, బీ, సీ తోని మొదలువెడ్తరు, నేను బాస్, ట్రెబుల్ తోని మొదలువెట్టిన. దుకాణం బోర్డు మీద "మా సౌండు అద్దం లెక్క" అని నేనే రాయించిన. ఆ అద్దం మీద రాయి వేసింది గూడ నేనే, చెప్త వినుండ్రి.

మా మీది అర్రల ప్రవీణ్ సారని ఒకాయన కిరాయికి దిగిండు. కాలేజిల పాఠాలు చెప్తడు. మనిషి మంచోడే, కాని పొద్దుగూకినంక ఆయన అర్రలకెల్లి ఒక గొంతు వినవడేది. ఆ గొంతు ఎట్లుండేదంటే, మూడు దినాలు కల్లు తాగి, పత్తి మార్కెట్ల బస్తాల మీద పండి, లేవంగనే చలినీళ్ళు తాగినోని గొంతు. ఓనాడు చూడబుద్ధయి పైకి పోయిన.

"సారూ, ఎవలాయన? దవాఖానకు తోలుకపోదామా?"

ప్రవీణ్ సారు నవ్విండు. "అంకుల్, ఇది ఆల్ట్ కంట్రీ. అమెరికాల పల్లె పాటలకు రాక్ మ్యూజిక్ కలిపి పాడుతరు. రూట్స్ రాక్ అని గూడ అంటరు. రూట్స్ అంటే వేర్లు."

"గొంతు గట్లెందుకు పగిలింది?"

"కావాలనే. నున్నగ పాడితే అబద్ధం అన్నట్టు. గొంతు బొంగురుగ ఉండాలె, గిటార్ జర శ్రుతి తప్పినా మంచిదే, వెనుకకెల్లి కుర్చీ కిర్రుమన్న సప్పుడు వచ్చినా తీసెయ్యరు. నిజం అట్లనే ఉంటది అంకుల్."

నేను కూసున్న. పాట అర్థం కాలే, కాని సారు కథ చెప్తాంటే ఆ పాటల ఉన్నోళ్ళందరు నాకు తెలిసినోళ్ళే అనిపించింది. లారీ నడిపేటోడు, పెండ్లాం పోయినోడు, పంట ఎండినోడు, రైలు తప్పినోడు. ఆ బాంజో అనే వాయిద్యం గూడ, కంజిరకు తీగలు కట్టి, దానికి దయ్యం పట్టినట్టే మోగుతది. పొరుగింటి పుల్లకూర రుచి అంటరు గని, నాకు పొరుగు దేశపు బొంగురు గొంతు రుచి మరిగింది. మరిగినంక మనిషి ఆగుతడా?

నెల తిరిగేసరికి నేను ప్రవీణ్ సారుకే పాఠాలు చెప్పేటంత అయిన. చాయ్ హోటల్ల కూసున్నోళ్ళ గల్ల పట్టుకున్నట్టు ఆపి, "ఉత్త కంట్రీ వేరు, ఆల్ట్ కంట్రీ వేరు. పేరొచ్చినోడు చెడిపోయినోడే. ఎవ్వలికి తెల్వనోడే అసలు సిసలోడు" అని చెప్పుడు. వాళ్ళు చాయ్ సగం తాగి లేచిపోవుడు. ఆ పాటలోళ్ళ లెక్క జాతరల కొన్న గడ్డి టోపీ ఒకటి, మోకాళ్ళ కింది దాక తోలు బూట్లు ఏసుకున్న. మే నెల ఎండల హన్మకొండ చౌరస్తల ఆ వేషం మీద నన్ను చూసి ఆటోలోళ్ళు బేరం అడుగుడు బంద్ చేసిండ్రు. బహురూపులోడు అనుకొని ఒకామె పిడికెడు బియ్యం గూడ తెచ్చింది.

మా సమ్మక్క, అంటే నా పెండ్లాం, ఒక్కటే మాట అన్నది. "గీ వయసుల మనుషులకు భక్తి ముదురుతది. నీకేందో మరి ముదిరింది."

ఇంతవరకు ఎవ్వలికి నష్టం లేదు. అసలు కథ ఇక్కడ వంకర తిరిగింది. ఆడలేనోడు మద్దెల ఓటిది అంటడట. మంచి మద్దెల ఇంట్ల పెట్టుకొని, ఓటిదే కావాలని దాన్ని పొడుసుకున్నోడు ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. నున్నటి సౌండు అబద్ధం గదా. ట్రెబుల్ సగం చంపిన. కొత్త బూరలు మూలకు నూకి, సొట్టలు పడ్డ పాతయి బయటికి తీసిన. ఒక ఓణీల ఫంక్షన్ల పిల్ల నాయిన ఉరికొచ్చిండు.

"కొమురన్నా, గరగర వస్తాంది."

"వస్తది. అదే నిజం."

"నిజం మాకెందుకన్నా, పాట వినవడితె సాలు."

"నీకు చెవులున్నయి గని చెవి లేదు తమ్మీ," అన్న. ఎంత పెద్ద మాటో చూడుండ్రి. ఆ తమ్ముడు మల్ల నా దుకాణం మెట్టెక్కలే. వాని వెనుక వాని చుట్టాలు, వాళ్ళ వెనుక వాళ్ళ పక్కింటోళ్ళు, అందరు డీజే నవీన్ గాని దగ్గరికి పోయిండ్రు. వాడు నా దగ్గర వైర్లు చుట్టుకుంట పని నేర్చినోడే. ఇప్పుడు వాని బాక్సులు కొడ్తాంటే మా ఇంట్ల గిన్నెలు బోర్లపడ్తయి.

ఆఖరికి నాకు మిగిలింది ఒక్కటే పని, మా వాడ సద్దుల బతుకమ్మ. ఇరువై ఏండ్లకెల్లి అది నాదే. వాడల ఆడోళ్ళకు పెద్ద దిక్కు భాగ్యమ్మక్క. చుట్ట తాగుతది, ఎవ్వలికి భయపడది. ముందట్నాడే దుకాణానికి వచ్చింది.

"కొమురయ్యా, నీ టోపీ నీ ఇష్టం. మా బతుకమ్మ మా ఇష్టం. ఉన్న పాటలు ఉన్నట్టు పెడ్తవా?"

"పెడ్తక్కా."

"పెట్టకుంటె, వచ్చే ఏడు నవీన్ గాడే."

ఆమె పోయినంక సమ్మక్క అన్నది, "విన్నవు గదా. ఇదొక్కటి పోతే షట్టర్ దించుడే. అటెన్క నీ బూరల నేను మిరపకాయలు ఎండవోస్త."

నేను ఫికర్ చేయకు అన్న. ఫికర్ చేయకు అనే మాట నా నోట్లకెల్లి వచ్చినప్పుడల్ల ఏదో ఒకటి కాలిపోయింది. అది సమ్మక్కకు తెలుసు.

సద్దుల నాడు తంగేడు, గునుగు, బంతి, అన్ని కలిపి మా సమ్మక్క పేర్చిన బతుకమ్మ నా నడుమెత్తు ఉన్నది. అందరియి నడుమ పెట్టి, చుట్టు తిరుగుకుంట చప్పట్లు కొడ్తాండ్రు. నేను బుద్ధిగనే ఉన్న పాటలు పెట్టిన. కాని ఆ పాటల నిండ ఇప్పటి కీబోర్డు దరువు. ప్లాస్టిక్ పూలతోని బతుకమ్మ పేర్చినట్టు. నా లోపల ఉన్న బొంగురాయన ఊకుంటడా? 'కొమురయ్యా, వీళ్ళకు వేర్లు చూపియ్యి' అన్నడు. గడియారం చూసిన. ఏడు పది. పెన్ డ్రైవ్ మార్చిన.

బాంజో మోగింది.

మొదలు ఎవ్వలు గుర్తువట్టలే. అలవాటు మీద రెండు సుట్లు తిరిగిండ్రు. మన బతుకమ్మ ఆటల ఒంగినప్పుడు చప్పట్లు, లేచినప్పుడు చప్పట్లు, జోడెద్దుల నడక. ఆ పాటదేమో మూడు కాళ్ళ నడక. ఒంగినోళ్ళు లేవాల్నో, లేచినోళ్ళు ఒంగాల్నో తెలుస్తలేదు. ఒకామె ఒంగింది, వెనుకామె లేచి ముందుకు వచ్చింది, తల పోయి నడుముకు తాకింది. లోపలి వరుస ఇటు పోతాంది, బయటి వరుస నిలవడ్డది. చప్పట్లు పేలాలు ఏగినట్టు ఎక్కడివక్కడ పేలుతున్నయి. పాటేమో ఇంకింత ఉరుకుడువెట్టింది.

ఇదంత నేను చూసిననుకుంటున్నరా? లేదు. నేను కండ్లు మూసుకొని ఉన్న. చేతిల మైకు.

"అమ్మలార, అక్కలార," అంటున్న, "ఇది వేర్ల సంగీతం. జర ఆగి వినుండ్రి."

"కొమురయ్యా, ఆపు," అన్నది భాగ్యమ్మక్క.

"ఇప్పుడే ఆగది అక్కా, ఇంకా మౌత్ ఆర్గాన్ రావాలె."

"నీ మౌత్ పగుల. బతుకమ్మ ఒరుగుతాంది."

నిజంగనే ఎవలదో కాలు తాంబాళానికి తాకి, సమ్మక్క బతుకమ్మ ఒక దిక్కు ఒరిగింది. మీద పసుపు గౌరమ్మ జారుతాంటే సమ్మక్క రెండు చేతుల ఆపుకొని నా దిక్కు చూసింది. ఆ చూపు నేను చూడలే, కండ్లు మూసుకొని ఉన్న గదా. తర్వాత ముప్పై మంది చెప్పిండ్రు, మస్తుగ చెప్పిండ్రు.

నేను మాత్రం వేర్లల్లనే ఉన్న. "అసలు సంగీతానికి ఈ మిషిన్లెందుకు? గొంతు బొంగురైనా సాలు. నలుగురు మనుషులు, రెండు చేతులు, సాలు. మైకెందుకు? కరెంటెందుకు?"

భాగ్యమ్మక్క నా ముందటికి వచ్చింది. "ఏమంటివి? మల్లొక్కసారి అను."

ఆహా, అక్కకు ఎక్కింది అనుకున్న. నాలుగు బూరల్ల, ఎకో పెంచి మరీ అన్న. "మైకెందుకు, కరెంటెందుకు."

"విన్నరా అందరు," అన్నది. "సమ్మక్కా, ప్లగ్గు పీకు."

మా సమ్మక్క పక్కామెకు గౌరమ్మను పట్టిచ్చి, వచ్చి, పీకింది. ఇరువై ఏండ్ల కాపురంల ఆమె నా మాట అంత తొందరగ ఎన్నడు వినలే.

వాడంత గప్‌చుప్. ఆ సప్పుడు లేని కాడ భాగ్యమ్మక్క గొంతు ఎత్తింది. చుట్ట తాగీ తాగీ, యాభై ఏండ్లు నాట్లల్ల పాడీ పాడీ పగిలిన గొంతు. ఎత్తుకున్న కాడ శ్రుతి తప్పింది, తప్పి మల్ల అందుకున్నది. మిగిలినోళ్ళు వంత పట్టిండ్రు. ఒంగుడు ఒంగినట్టు, లేచుడు లేచినట్టు, వరుస తనంతల తానే సక్కగయింది. నా మెడ మీది వెంట్రుకలు లేచినయి. గా బొంగురు కోసం నేను అమెరికా దాక పోయి వెతుకుతాన్న. ఇరువై ఏండ్లు దాని ముందట బూర పెట్టి, దాన్ని వినవడకుంట చేసింది నేనే.

ప్రవీణ్ సారు ఫోను పట్టుకొని మెట్లు దిగి ఉరికొచ్చిండు. "అంకుల్, ఇదే. నేను చెప్పిన రూట్స్ ఇవే."

"తెలిసింది సారూ. జర నోరు మూసుకో."

మరుసటేడు బుద్ధిమంతుని లెక్క కొత్త బూరలు తుడిచి, బండి మీద వేసుకొని పోయిన. భాగ్యమ్మక్క అడ్డం నిలవడ్డది.

"యాడికి?"

"బతుకమ్మకు, అక్కా. ఉన్న పాటలు ఉన్నట్టే పెడ్త."

"నువ్వే చెప్తివి గద కరెంటెందుకని. మంచి మాట చెప్పినవు. మేమందరం పట్టుకున్నం. నవీన్ గాన్ని గూడ పిలుస్తలేం."

బండి వెనుకకు మలిపిన. కూసున్న కొమ్మను నరుక్కున్నోడు నాకంటే నయం, వానికి కొమ్మ ఒక్కటే పోయింది. నేను వేర్లు చూపియ్యవోయి చెట్టే పీకిన. పక్క వాడోళ్ళు విని వాళ్ళు గూడ గొంతులే ఎత్తుకున్నరు. నెల దినాలకు నవీన్ గాడు వచ్చి నా అరుగు మీద కూలవడ్డడు. "కాకా, నీది నువ్వు ఆర్పుకుంటె ఆర్పుకున్నవు, నాది గూడ ఎందుకు ఆర్పినవే?" అని అడిగిండు. చాయ్ తాగిచ్చిన. ఇంకేం చేస్త?

ఇప్పుడు ఆ దుకాణంల సమ్మక్క పిండి గిర్ని నడిపిస్తాంది. పొద్దంత గరగర. నేను మొకం చిట్లిస్తే, "అదే నిజం. చెవులున్నయి గని నీకు చెవి లేదు" అంటది.

కాబట్టి ఆ గిర్ని మీద చెయ్యి వెట్టి, మొకాన పిండి పడుతుండంగ ప్రమాణం చేస్తాన్న. మైకు అమ్ముకొని బతికేటోన్ని, మైకు అక్కరలేదని మైకుల చెప్ప. చెప్పినా ఎకో పెట్ట. ఎకో పెట్టినా, ప్లగ్గు దగ్గర పెండ్లాన్ని నిలవెట్ట. బొంగురు పాటలు మాత్రం వింట, ఫోన్ల, ఒక్క చెవికి. రెండో చెవి గిర్నికి.

ఆ దినం అక్కడ ఉన్నోళ్ళు వీళ్ళు. పాటెత్తిన భాగ్యమ్మక్క. ప్లగ్గు పీకిన సమ్మక్క. గౌరమ్మను పట్టుకున్న పక్కింటి రమాదేవి. ఎవలి నడుముకు ఎవలి తల తాకిందో ఇప్పటికీ కొట్లాడుకునే అక్కాచెల్లెండ్లు కనకలక్ష్మి, స్వరూప. ఫోను పట్టుకొని ఉరికొచ్చిన ప్రవీణ్ సారు. కండ్లు మూసుకున్న నేను. ఇంకొకాయన గూడ ఉండె, పెన్ డ్రైవ్ల బొంగురాయన. ప్లగ్గు పీకినంక ఆయన ఒక్క మాట మాట్లాడలే. ఎంతైనా నాకంటే తెలివిగల్లోడు.