కరెంటు మోత పట్టిన దేవ్యా

భూపాలపల్లి బొగ్గుబాయిలో దేవ్యా ఇరవై ఎనిమిదేండ్లుగా ఎలక్ట్రీషియన్. సొంతూరు నెల్లికుదురు దగ్గరి తండా. ఇంట్లో లంబాడీ, బాయిలో తెలుగు మాట్లాడేవాడు. మనసు మాత్రం ఒక పరదేశి గిటారు మీద ఉండేది.

ఆ పిచ్చి అంటించింది బాయిలో యంత్రాలు బిగించడానికి బయటి దేశం నుంచి వచ్చిన ఇంజనీరు. తిరిగి పోతూ ఒక క్యాసెట్ చేతిలో పెట్టాడు. అది పాటల కంపెనీ వేసింది కాదు. పేరుమోసిన రాక్ గిటారిస్టు కచేరీని, జనంలో కూర్చున్నవాడెవడో కోటులో రికార్డరు దాచుకుని పట్టింది. పాట నడుమ దగ్గులు, ఈలలు. ఆ గిటారాయన ఒకే పాటను ఏ రెండు ఊళ్లలోనూ ఒక్కతీరుగా వాయించడని రెండో క్యాసెట్‌తో తెలిసింది. ఇక దేవ్యా ఆగలేదు. ఇలాంటివి పోగుచేసేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్లతో ఇచ్చిపుచ్చుకుని మూడు వందల క్యాసెట్లు దాటించాడు.

"ఒక్క పాటనే ఎన్నిసార్లు ఇంటవ్?" అంది భార్య నీలి.

"తీజ్ పండుగ పాట మీరు ఏటా పాడుతరు గద. నిరుటి లెక్కనే ఉంటదా?"



పోయినేడు ఈ పోగుచేసేవాళ్ల ఇంటర్నెట్ బృందంలో ఒకాయన కొత్త రికార్డింగు పెట్టాడు. అమెరికాలో డెట్రాయిట్ కచేరీ అని రాశాడు. అందరూ సంబరపడ్డారు. దేవ్యా ఆదివారం పొద్దున విని తల అడ్డంగా ఊపాడు.

"గిది అమెరికాది కాదు."

జనగామ కాలేజీలో పాఠాలు చెప్పే బిడ్డ సంగీత ఆ రోజు ఇంట్లోనే ఉంది. "ఎట్ల చెప్తవ్ బాపు?"

"పాట ఎనక సన్నగ కరెంటు మోత ఇనవడుతలేదా? మన కరెంటు సెకనుకు యాభైసార్లు కొట్టుకుంటది, అమెరికాల అరవై. ఇది యాభై మోత. రోజూ మోటార్లకాడ ఇనేదే."

"టేపు నెమ్మదిగ తిరిగిందేమో?"

"అట్లయితే గిటారు గూడ సాగాలె. అది సక్కగనే ఉన్నది."

సంగీత అదంతా ఇంగ్లిష్‌లో రాసి పంపింది. అవతల నవ్వారు. ఆ గిటారిస్టును ఎప్పుడైనా కండ్లతో చూశావా అని ఒకడు అడిగాడు. ఆ మాట దేవ్యాకు గుచ్చుకుంది. "ఆయన్ను చూడలే, కరెంటును చూసిన అని రాయి" అన్నాడు. బిడ్డ అట్లాగే రాసింది.

నాలుగో రోజున జర్మనీ నుంచి ఒక ముసలాయన జవాబు రాశాడు. ఆ కచేరీ తమ దేశంలోని హాంబర్గ్‌లో జరిగిందట, అక్కడి కరెంటూ యాభైయేనట, తను ముందు వరుసలోనే ఉన్నాడట. మూడో పాటలో గిటారు తీగ తెగిందనీ, టికెట్టు ఇంకా తన దగ్గరే ఉందనీ చెప్పి దాని ఫొటో జతచేశాడు. దేవ్యా రికార్డింగు మళ్లీ పెట్టి చూశాడు. మూడో పాటలో టప్పుమని చప్పుడు, ఒక క్షణం మౌనం. బృందం ఊరి పేరు మార్చింది. నవ్వినవాడే ముందుగా తప్పు ఒప్పుకున్నాడు. ముసలాయన అంతటితో ఊరుకోక, తను పట్టి ఎవరికీ ఇవ్వని పదకొండు కచేరీలు దేవ్యాకు పంపాడు.

సెలవు దొరికినప్పుడల్లా అవే వింటున్నాడు. ఇప్పుడు నాలుగోది నడుస్తోంది. అందులో గిటారాయన వాయించడం ఆపి జనంతో ఏదో అంటాడు, హాలంతా గొల్లున నవ్వుతుంది. ఆయన ఏమన్నాడో దేవ్యాకు అర్థం కాదు, చిక్కుడుకాయలు వలుస్తున్న నీలికీ కాదు. ఇద్దరూ నవ్వుతారు.