జీలకర్ర లాంటి మందు

కువైట్‌కి బయల్దేరే ఆడవాళ్ళకి మా వైపు అందరూ చెప్పే జాగ్రత్త ఒకటుంది. పెట్టెలో ఊరగాయ పెట్టుకో, పొడులు పెట్టుకో, గసగసాలు మాత్రం పెట్టుకోకు. వాటిని అక్కడ మత్తుమందు కింద జమకడతారు, విమానాశ్రయం నుంచి నేరుగా జైలుకే. నేను మసాలా పొడి పొట్లం కూడా విప్పించి, అందులో గసగసాలు వెయ్యలేదని మా అక్క చేత ఒట్టు వేయించుకుని మరీ విమానం ఎక్కాను. అంత భయపడుతూ వచ్చినదాన్ని, ఈ దేశంలో చేసే పనేమిటంటే తుపాకీ మందు తూయడం. తలుచుకుంటే నవ్వొస్తుంది. ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది కూడా.

ఇక్కడ ఇంటి యజమానురాలిని మేమంతా మామా అని పిలుస్తాం. మా మామా రైఫిల్ పోటీలకు వెళుతుంది. ఉద్యోగం నుంచి రిటైరైన మనిషి, భర్త పోయాడు, పిల్లలు వేరే ఇళ్ళలో ఉంటారు. ఆమెకున్న పిచ్చల్లా ఎక్కడో దూరాన నిలబెట్టిన కాగితం నడిబొడ్డున గుండు దింపడమే. అలాంటి పోటీలకు కొట్లో దొరికే తూటాలు చాలవట. కాల్చేసిన ఇత్తడి గొట్టాలను ఏరి తెచ్చుకుని, శుభ్రం చేసి, అడుగున నిప్పు రాజేసే చిన్న టోపీ బిగించి, లోపల మందు పోసి, మూతి దగ్గర గుండు కూర్చి, ఎవరి తూటాలు వాళ్ళే తయారుచేసుకుంటారు. ప్రతి తూటాలోనూ మందు ఒక్కలాగే ఉండాలి. ఎక్కువైతే గుండు పైకి పోతుంది, తక్కువైతే కిందికి పోతుంది.

నేను వచ్చింది మాత్రం అర్దియాలోని వాళ్ళింట్లో వంటకి. ఒకరోజు చపాతీ ఉండలు చేస్తుంటే మామా వంటింటి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. ఒక ఉండని ఒక అరచేతిలో, ఇంకో ఉండని ఇంకో అరచేతిలో పెట్టుకుని, మార్చి మార్చి పట్టి చూసింది. "జేన్, జేన్," అంది. బాగుంది, బాగుంది అని. నా వంటను మెచ్చుకుంటోంది కాబోలని సంబరపడ్డాను. ఆ వారంలోనే నన్ను కార్లో ఎక్కించుకుని ఎడారిలో ఉన్న షూటింగ్ క్లబ్బుకి తీసుకుపోయింది. మందు క్లబ్బు దాటి బయటికి రాకూడదు, అందుకని తూటాల పని అక్కడి గదిలోనే చెయ్యాలి.

ఆ గదికి కిటికీ లేదు. ఒక ఇనుప బీరువా, ఒక బల్ల, బల్ల మీద చిన్న త్రాసు. తూచేటప్పుడు ఏసీ కట్టెయ్యాలి, ఆ గాలికి త్రాసు ముల్లు ఊగుతుందని. తలుపు మూసెయ్యాలి, అదీ అందుకే. నూలు బట్టలే కట్టుకోవాలి, నైలాన్ బట్ట రాపిడికి చిటుక్కుమని నిప్పురవ్వ పుడుతుందని. గాజులు తీసెయ్యాలి. ఫోను గుమ్మం బయట అరలో పెట్టాలి. కువైట్ ఎండాకాలంలో ఏసీ కట్టేసిన గదిలో తలుపేసుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. చెమట చుక్క పళ్ళెంలో పడకుండా నుదుటికి గుడ్డ కట్టుకుని, ఊపిరి కూడా పక్కకి తిరిగి వదిలేదాన్ని. మామా కరెంటు త్రాసు కూడా ఒకటి కొంది గానీ, వేడెక్కితే దాని అంకెలు వాటంతటవే మారిపోతున్నాయని మూలన పడేసింది.

"శుయ్ శుయ్," అనేది పక్కనే నిలబడి. నెమ్మదిగా, నెమ్మదిగా అని. నేర్పడంలో ఆమెకి విసుగన్నది లేదు. ముల్లు గీతకి కాస్త కిందుగా ఉండగానే చెంచా పక్కన పెట్టి, మిగతాది వేలికొసతో ఒక్కో పలుకూ ఎలా రాల్చాలో చూపించింది. తన వేళ్ళ కణుపులు వాచిపోయి ఉంటాయి కాబట్టి తను ఆ పని చేసుకోలేదు. నన్ను ఒక్కనాడూ కసరలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కసిరే మనిషైతే నేనూ తిరగబడేదాన్ని. ప్రేమగా తలుపేసే మనిషి మీద ఎలా తిరగబడాలో నాకు తెలియలేదు.

అలా ఉండగా మా అమ్మాయికి నెల తప్పిందని కబురు వచ్చింది. మా వైపు తొలికాన్పు పుట్టింట్లో చెయ్యాలి. నాకు అదొక్కతే బిడ్డ. వాళ్ళ నాన్న ఎప్పుడో పోయాడు. రాయచోటి దగ్గర మా ఇంటికి నేను వచ్చేటప్పుడు వేసిన తాళం అలాగే ఉంది. ఆ తాళం నేను పోయి తీస్తేనే దానికి పుట్టిల్లు.

"నువ్వు రాకుంటే నేను యాడికి పోవల్ల మా?" అంది ఫోన్లో. "అత్తోళ్ళు ఈడనే ఉండమంటాండారు. మంచోళ్ళే, నన్ను బాగానే చూసుకుంటాండారు. అయినా నాకు భయమైతాంది."

"ఏడవాకు మే. నేను వస్తా. మామాని అడుగుతా."

అడిగాను. నా పాస్‌పోర్టు మామా లాకర్లో ఉంది, ఆమె ఊ అంటేనే సెలవు. ఆమె కాదనలేదు. తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కలూ అరబ్బీలో కలిపి తన ఇబ్బంది చెప్పింది. ఇన్నాళ్ళూ వాడిన మందు తయారీ ఆగిపోయింది, డబ్బా అడుక్కి వచ్చేసింది. పోటీ దగ్గరికొస్తోంది. కొత్త మందు ఏదో తేలాలి. తేలాక, "బాదేన్ ఇంతి రూహ్ ఇండియా," అంది. ఆ తర్వాత నువ్వు ఇండియా వెళ్ళు అని. నేను లోపల్లోపలే పెట్టె సర్దేసుకున్నాను.

చూడాల్సిన మందులు రెండు. మొదటిది చిన్న చిన్న పుల్లలుగా కత్తిరించినట్టుంది, అచ్చం జీలకర్ర. రెండోది నల్లటి సన్నటి పూసలు, అచ్చం గసగసాలు. మామాకి అదే చెప్పాను. మొదటిదానికి "కమ్మూన్" అని అరబ్బీలో జీలకర్ర పేరు చెప్పి నవ్వింది. రెండోదాని పేరు ఎత్తగానే నోటి మీద వేలు పెట్టి, పోలీసులు వస్తారన్నట్టు కళ్ళు తిప్పింది. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

పనిలో దిగాక నవ్వు పోయింది. గసగసాల రకం నీళ్ళలా జారుతుంది. బల్లకి బిగించిన చిన్న మర ఉంది. దాని పిడి నొక్కితే కొలత ప్రకారం మందు గొట్టంలో పడిపోతుంది. త్రాసు అక్కర్లేదు, చెంచా అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. వాచిన వేళ్ళతో మామా ఒక్కతే కూర్చుని నొక్కుకోవచ్చు. జీలకర్ర రకం అలా కాదు. పుల్లలు మరలో అడ్డం పడతాయి, పిడి నొక్కితే కరకరమని తెగుతాయి, కొలత ఒకసారి ఒకలా పడుతుంది. దాన్ని చెంచాతో పోసి, వేలితో రాల్చి, త్రాసులో తూచాల్సిందే. ఒక మందు గెలిస్తే నేను ఇంటికి పోతాను. ఇంకోటి గెలిస్తే గదిలో ఉంటాను. ఇంత సంగతి మామాకి తట్టలేదు. తట్టాల్సిన అవసరం ఆమెకి లేదు.

పొద్దున చల్లపూట రెండూ కాల్చి చూసింది. రెండూ బాగానే ఉన్నాయి, గసగసాలదే ఒక పిసరు మెరుగు. నా గుండె ఎగిరి గంతేసింది. కానీ మామా తొందరపడే మనిషి కాదు. పోటీ మిట్టమధ్యాహ్నం ఎండలో జరుగుతుంది, కొన్ని మందులు వేడెక్కితే మరీ ఉరికి మండుతాయి, తుపాకీ తట్టుకోలేకపోవచ్చు అని నాకు మొదట్లోనే నేర్పింది. రెండు రకాల తూటాలూ వేరువేరు డబ్బాల్లో సర్దించి, నల్లగుడ్డ పరిచి కారు బానెట్ మీద ఎండలో పెట్టించి, నమాజుకి లోపలికి వెళ్ళింది.

మామా కారు తోలేవాడిది జగిత్యాల, నేను తమ్ముడూ అని పిలుస్తాను. నా కథంతా అతనికి తెలుసు. వెనక సీట్లో కూర్చుని నేను ఎన్నిసార్లు ఏడ్చానో అద్దంలో చూసినవాడు.

"గింత ఎందుకు సోంచాయిస్తున్నవక్కా?" అన్నాడు. "గా సన్నపు మందు తూటాల డబ్బ తీస్కపోయి నీళ్ళ బాటిళ్ళ పెట్టెల వెట్టు. మంచుకు సల్లగుంటది, మంచిగ కొడ్తది. మామా ఖుష్, నువ్వు ఖుష్. బిడ్డ కాడికి పో."

నేను తీసుకుపోయి పెట్టాను. మంచు ముక్కల మధ్య, నీళ్ళ బాటిళ్ళ పక్కన పెట్టి మూత వేసి, ఆ మూత మీద కూర్చున్నాను. తప్పేముంది? అనుకున్నాను. మళ్ళీ గట్టిగా అనుకున్నాను. ఎవరి సొమ్మూ తినడం లేదు, బిడ్డ దగ్గరికి పోతున్నాను. ఎండలో ఆ మూత మీద కూర్చుని నన్ను నేనే బతిమాలుకున్నాను.

మామా మీద జాలితో లేచానని చెప్పను, అది అబద్ధం అవుతుంది. ఆ క్షణంలో ఆమె అంటే నాకు మంటగానే ఉంది. కానీ పోటీ రోజు ఆ తూటాలను ఎవరూ మంచుపెట్టెలో పెట్టరు. తుపాకీ కర్రకి చెంప ఆనించి, కన్ను దగ్గరగా పెట్టి కాల్చేది ఆమే. నా చేత్తో పోసిన మందు ఆ మొహం మీద పేలితే, అదే చేత్తో రేపు పసిగుడ్డుకి నీళ్ళు పోయాలి కదా అనిపించింది. ఆ ఆలోచన వచ్చాక మూత మీద కూర్చోలేకపోయాను. డబ్బా తీసి, తడి తుడిచి, మళ్ళీ బానెట్ మీద పెట్టాను.

"ఏమైందక్కా?" అన్నాడు తమ్ముడు.

"నా చేత కాదు నాయనా. గమ్మునుండు."

అతను కార్లోకి పోయి కూర్చున్నాడు. మామా తిరిగి వచ్చాక కూడా తూటాలను ఇంకా చాలాసేపు ఎండలోనే ఉంచింది. పట్టుకుంటే వేళ్ళు చురుక్కుమనేదాకా ఆగి, అప్పుడు తుపాకీ పట్టి బోర్లా పడుకుంది.

జీలకర్ర రకం పొద్దున ఎక్కడ తగిలిందో ఎండలోనూ అక్కడే తగిలింది. తర్వాత గసగసాలు. మొదటి గుండు పైకి పోయింది. రెండోది ఇంకా పైకి. మూడోది కాల్చాక, గొట్టాన్ని బయటికి లాగే తుపాకీ బోల్ట్ పిడి లేవలేదు. మామా అరచేత్తో కొట్టి కొట్టి లేపింది. బయటపడ్డ గొట్టం అడుగున టోపీ నొక్కేసిన అప్పడంలా చదునైపోయి ఉంది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఖలాస్," అంది. "కమ్మూన్."

లేచి వచ్చి నా నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. "ఇంతి ఈదీ," అంది. నువ్వే నా చెయ్యి అని.

"ఇండియా, మామా?" అన్నాను అక్కడే.

"బాదేన్, బాదేన్." తర్వాత, తర్వాత.

పోటీకి కావలసిన తూటాలన్నీ నేనే తూచాను. మామా పక్క దేశం వెళ్ళి పతకం తెచ్చింది, నాకు ఖర్జూరాలు తెచ్చింది. వచ్చిన మర్నాడే అడుగుదామని మాటలు కూడా కూర్చుకున్నాను. ఆ మర్నాడే క్లబ్బుకి జీలకర్ర రకం మందుతో లారీ వచ్చింది. పేరు ఒకటే అయినా ఒక బ్యాచ్ మందు ఇంకో బ్యాచ్‌లా మండదట, అందుకని నచ్చిన బ్యాచ్ దొరికినప్పుడే దొరికినంతా కొనిపెట్టుకుంటారట. తెల్లటి పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు బీరువాలో నిండాయి. మిగిలినవాటి కోసం క్లబ్బువాళ్ళు ఇంకో బీరువా తెచ్చిపెట్టారు.

"ఇక వెతకక్కర్లేదు," అంది మామా చిన్నపిల్లలా చప్పట్లు కొడుతూ. నేను ఆ డబ్బాలను లెక్కపెట్టలేదు. అందులో ప్రతి పలుకూ నా వేలి మీదుగా రాలాలన్నది మాత్రం లెక్కపెట్టకుండానే తెలిసింది. సెలవు సంగతి అడిగితే ఆ బీరువాల వైపు చూసి, ఇదంతా ఎవరు చేస్తారన్నట్టు నా గడ్డం పట్టుకుని బతిమాలింది. ఇంకో పోటీ ఉంది, అది అయ్యాక. దాని తర్వాత ఇంకోటి.

మా అమ్మాయి అత్తగారింట్లోనే ఉండిపోయింది. ఫోన్ చేసినప్పుడల్లా వస్తా లే అన్నాను. కొన్నాళ్ళకి అది అడగడం మానేసింది. అడిగినప్పటికంటే అదే నాకు ఎక్కువ నొప్పి.

కాన్పు రోజున నేను గదిలో ఉన్నాను. ఏసీ కట్టేసి, తలుపు మూసి, నుదుటికి గుడ్డ కట్టుకుని. పని కాస్త ఆపి బయటికొచ్చి అరలో ఫోను తీస్తే నిండా మిస్డ్ కాల్స్. రెండుసార్లు తప్పు నొక్కాను. మూడోసారి మా వియ్యపురాలు ఎత్తింది.

"ఆడబిడ్డ పుట్టింది వదినా. తల్లీబిడ్డా బాగుండారు. నొప్పులప్పుడు నిన్నే పిల్చింది."

నేను అడిగిన మొదటి మాట, "బరువెంత?"

"రెండు కిలోల తొమ్మిదినూర్లంట."

"ఇంటికి తీస్కపోయినాక నీళ్ళెవురు పోస్తారు వదినా?"

"నేను పోస్తాలే. నువ్వు దిగులుపడాకు."

మామాకి చెప్పాను. "మబ్రూక్, మబ్రూక్," అని శుభాకాంక్షలు చెబుతూ నన్ను కౌగిలించుకుంది. ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. మొహం కడుక్కుని రా, మిగతావి కూడా అయిపోతే తొందరగా ఇంటికి పోదాం అంది.

గదిలోకి వచ్చాను. బల్ల మీద విప్పిన డబ్బా ఉంది. నిండుగా ఉన్నప్పుడు బాగా బరువుండేది, నేను చెంచాతో తీసి తీసి కొంత తగ్గింది. దాన్ని ఎత్తి మోచేతి వంపులో పెట్టుకున్నాను. కిందకి అరచెయ్యి పట్టి కాస్త ఊపి చూశాను. నా చేతికి బరువు తెలుస్తుంది, అది పొరపాటు పడదు. ఇంచుమించు వియ్యపురాలు చెప్పినంతే ఉంది.

"యల్లా," అంది మామా బయటి నుంచి. ఊఁ, కానియ్యి అని.

డబ్బాని బల్ల మీద దించాను. నుదుటికి గుడ్డ కట్టుకుని, ఏసీ కట్టేసి, తలుపు మూశాను.