లాటిన్ కప్పు, నా టీ కప్పు

తెలిసిందంతా టీ బంకు దగ్గర ఒలకబోసుకునే తెలివితక్కువవాణ్ని నేను. హైటెక్ సిటీ కొత్తగా తెరిచిన రోజులవి. పోర్చుగల్ నుంచి వచ్చే క్లయింటుకు నచ్చినవాడికే లిస్బన్ ప్రయాణమన్నారు. ఆయనకు ఫుట్‌బాల్ ప్రాణమట. 1950ల్లో పోర్చుగల్‌తో సహా నాలుగు దేశాల ఛాంపియన్ క్లబ్బులు ఆడిన లాటిన్ కప్ గురించి చదివి, ఆ సంబరంలో మా టీమ్ లీడర్ యాదగిరన్నకు చెప్పేశాను.

మర్నాడు క్లయింటుతో టీ తాగుతుంటే, నేను నోరు తెరిచేలోపే అదంతా అన్న అప్పజెప్పాడు. పైగా చిన్నప్పటి నుంచీ తనకదే పిచ్చని ఇంగ్లిషులో కోతలు! టీ కన్నా ముందు నేను మరిగిపోయాను.

క్లయింటు మురిసిపోయి, “మరి మావాళ్లెప్పుడైనా గెలిచారా?” అన్నాడు.

అన్న బల్లకింద నా కాలు తొక్కాడు. “జర చెప్పు తమ్మీ!”

“చిన్నప్పటి పిచ్చి నీది కదన్నా, నువ్వే చెప్పు.”

అన్న నీళ్లు నమిలి, “లేదు” అన్నాడు. క్లయింటు మొహం మాడింది. అప్పుడు తాపీగా ఒక గుక్క తాగి, “ఒకసారి గెలిచారు సార్” అన్నాను.